రైనావారిలో అక్రోటు చెక్క

శ్రీనగరం వెళ్ళి వచ్చినవాళ్ళ పెట్టెలు విప్పి చూడండి. ఒక శాలువా, చిటికెడు కుంకుమపువ్వు, అక్రోటు కర్రలో చినారు ఆకులు చెక్కిన ఒక నగల పెట్టె ఉండి తీరుతాయి. మా పెట్టెలో అవి లేవని కాదు; ఆడవాళ్ళతో వెళ్ళినప్పుడు లేకుండా ఎలా ఉంటాయి? కాని 2023 దసరా సెలవుల్లో మేమిద్దరం అంతదూరం వెళ్ళింది వాటికోసం కాదు. ఒక తుపాకీకి కర్ర చూసి రావడానికి.

తుపాకీ అనగానే కంగారు పడకండి. అది మాది కాదు, మా మామగారిది. మేము దాన్ని వెంట తీసుకువెళ్ళనూ లేదు. లైసెన్సు ఉన్న ఆయుధమైనా ఎవరి పేర ఉందో వారి దగ్గర, ఏ పరిధికి అనుమతి ఉందో ఆ పరిధిలో ఉండవలసిందే. నా జేబులో ఉన్నదల్లా మా మామగారు స్వయంగా కొలతలు వేసి ఇచ్చిన అరఠావు కాగితం మాత్రమే.

మా అత్తవారిది నల్లమల అంచున, ఆత్మకూరు దాపున ఒక పల్లె. 1961లో మా మామగారి తండ్రిగారు ఎవరిదో ఎస్టేటు సామాను అమ్ముతుంటే ఈ రైఫిలు కొన్నారు. మౌజరు పద్ధతిది, గొట్టం, బోల్టు ఈనాటికీ అద్దంలా ఉంటాయి. తండ్రి తరువాత అది మామగారి పేరుకు మారింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆయన వేట మానేశారు. అప్పటికి ఆయనకు ఇరవైతొమ్మిదేళ్ళు. ఆ అడవే 1983లో పులుల అభయారణ్యమైంది. అప్పటినుంచి ఆ తుపాకీకి ఏడాదికి మూడే పనులు: నూనె రాయించుకోవడం, ఎన్నికలు వస్తే స్టేషనుకు వెళ్ళి రావడం, ఆయుధపూజనాడు పసుపూ కుంకుమా పెట్టించుకోవడం.

2022 దసరాకు బట్ట విప్పి చూస్తే దాని మెడ పగిలి ఉన్నది. మెడ అంటే ట్రిగ్గరు వెనక చేయి పట్టుకునే సన్నని చోటు. పగులు ఒక్కరోజున పుట్టింది కాదు. అరవై ఏళ్ళుగా లోహానికి రాసిన నూనె మెల్లగా కిందికి దిగి, కర్రలోకి ఇంకి, ఆ చోటును నల్లగా మెత్తబరిచింది. తుపాకీలను నిలువుగా నిలబెట్టి దాచే ఇళ్ళన్నిటా ఇదే కథట. గొట్టం కిందికి, మడమ పైకి ఉండేటట్లు పెడితే నూనె కర్రలోకి దిగదని తరువాత తెలిసింది.

ఊళ్ళో వడ్రంగి టేకు వేస్తానన్నాడు. టేకు నీటికి నిలుస్తుంది, చెదలకు నిలుస్తుంది. కాని వెనక్కు తన్నే దెబ్బకు నారవెంట చీలే స్వభావం దానికి ఉన్నది. ఇరుగుడు గట్టిది, అందమైనది. ఎత్తిపట్టుకుంటే చేయి లాగేటంత బరువు. హైదరాబాదులో తుపాకులు బాగుచేసే లైసెన్సు దుకాణం పెద్దమనిషి చెప్పిందేమంటే, “మంచి అక్రోటు చెక్క తెప్పించండి, మిగతాది నేను చూసుకుంటాను” అని. రైఫిలు ఆయన దగ్గరకు చేరింది. మేము కాశ్మీరం దారి పట్టాము.

జమ్ము నుంచి శ్రీనగరానికి అప్పుడు మాకున్నది రోడ్డే. చెనాని దగ్గర 2017లో తెరిచిన సొరంగం తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. బనిహాలు దాటించే 2021 నాటి సొరంగం ఎనిమిదిన్నర. చీకట్లోంచి ఇవతలకు వచ్చి ఖాజీగుండు దగ్గర కన్ను తెరిస్తే లోయ మొత్తం పళ్ళెంలో పెట్టినట్టు ఎదురవుతుంది. 2025 జూన్ నుంచి కట్రాలో రైలెక్కితే చినాబు నది మీద 359 మీటర్ల ఎత్తున వంతెన దాటి నేరుగా శ్రీనగరంలో దిగవచ్చు. మీలో ఈ ఏడు వెళ్ళేవాళ్ళు అదృష్టవంతులు. కాని అనంతనాగు పరిసరాల్లో అక్రోటు పంట చూడాలంటే రోడ్డు ప్రయాణమే మంచిది.

అక్రోటు అనే మాట మనకు కొత్తది కాదు. సంస్కృతంలో అక్షోటం; అదే హిందీలో అఖ్రోట్ అయి మన దుకాణాలకు అక్రోటుగా దిగింది. కాశ్మీరీలు డూన్ అంటారు. మన దేశంలో పండే అక్రోటు దాదాపు అంతా అక్కడిదే. మేము వెళ్ళేసరికి పంట చివరికి వచ్చింది. ఇళ్ళ ముందు చాపలమీద కాయలు ఆరుతున్నాయి. పచ్చి తొక్క ఒలిచే ఆడవాళ్ళ అరచేతులు బొగ్గు పులుముకున్నట్టున్నాయి. ఆ నలుపు సబ్బుకు పోదు, రోజులు గడిస్తేనే పోతుంది. ఆ చెట్టు బెరడుతోనే పళ్ళు తోముకుంటారు, పెదవులకు రంగు వస్తుంది. శివరాత్రికి కాశ్మీరీ పండితుల ఇళ్ళలో కుండనిండా అక్రోటుకాయలు నానబెట్టి, పూజ అయ్యాక బంధువులకు ప్రసాదంగా పంచుతారు. మనకు కొబ్బరికాయ ఎలాగో వాళ్ళకది అలాగ.

ఒక తోటలో ఆఖరి చెట్టును దులుపుతుంటే కారు ఆపించి చూశాము. అరవై డెబ్భై అడుగుల చెట్టు. నడుముకు తాడైనా లేకుండా మనిషి కొమ్మ చివరిదాకా వెళ్ళి పొడుగాటి గెడతో కొడుతున్నాడు. నా భార్య చూడలేక తల తిప్పుకున్నది. ఏటా ఈ పనిలో పడి ప్రాణాలు పోగొట్టుకునేవాళ్ళు, నడుములు విరిగి మంచాన పడేవాళ్ళు ఉన్నారని డ్రైవరు చెప్పాడు. అందుకే ఇప్పుడు పొట్టి అంటు మొక్కలు నాటమని వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు ప్రోత్సహిస్తున్నారు. పొట్టి చెట్లు వస్తే మనుషులు బతుకుతారు, కాయ త్వరగా వస్తుంది. తుపాకీ కర్రకు కావలసిన లావుపాటి మొదళ్ళు మాత్రం రావు. మనిషి ప్రాణం ముందు కర్ర ఏపాటిది? రానక్కరలేదు.

ఇప్పుడున్న చెట్టునైనా ఇష్టం వచ్చినట్టు నరకడానికి వీల్లేదు. చినారుతోపాటు అక్రోటును కూడా రక్షించడానికి అక్కడ 1969 నుంచి ఒక చట్టం ఉన్నది. సొంత దొడ్లో చెట్టయినా అనుమతి ఉండాలి. ఎండిపోయినవి, గాలికి ఒరిగినవి, కాపు ఉడిగినవి మాత్రమే రంపం కిందికి వస్తాయి. వాటి వేళ్ళ దగ్గరి కర్ర అన్నిటికన్న నలుపు, మొదలు దాని తరువాత, కొమ్మలు తెలుపు. ఫతేకదల్ వంతెన దగ్గర నగిషీ పనివాళ్ళు వేరు కర్రకోసం పోటీలు పడతారు. తుపాకీ పనివాళ్ళకు కావలసింది వేరు, మొదలు కలిసే చోటు.

ఆ తుపాకీ పనివాళ్ళ పేట రైనావారిలో ఉన్నది. దాల్ సరస్సు పక్కన, హరిపర్బతం నీడన ఉన్న పాత బస్తీ అది. ఆ కొండ ఒకటే, భక్తులు మూడు రకాలు. ఒకవైపు శారికాదేవి ఆలయం, మరోవైపు మఖ్దూంసాహెబు దర్గా, కింద కాఠీ దర్వాజా దగ్గర గురుద్వారా. నా భార్య మూడుచోట్లా దండం పెట్టుకున్నది. “ఎవరు పలికితే వాళ్ళు పలుకుతారు, మనదేం పోయింది?” అన్నది. అక్కడినుంచి సందుల్లోకి దిగితే బందూక్ ఖార్ మొహల్లా. కాశ్మీరీలో ఖార్ అంటే కమ్మరి. ఒకప్పుడు ఆ వాడంతా ఆకురాళ్ళ చప్పుడే. ఇప్పుడు పని చేసే కొలుములు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

శ్రీనగరంలో నిలబడి “ఇక్కడ తుపాకీ దుకాణం ఎక్కడ?” అని అడగడం అంత సుఖమైన పని కాదు. మూలమూలనా సిపాయిలు. నేను గొంతు తగ్గించి అడిగితే మనిషి మరింత అనుమానంగా చూసేవాడు. చివరకు నా భార్యే ఒక రొట్టెల దుకాణంముందు గట్టిగా, “అక్రోటు చెక్క కావాలి, మా నాన్న రైఫిలుకు” అని తనకు వచ్చిన హిందీలో చెప్పింది. అందరూ నవ్వారు. ఒక కుర్రవాడు వెంట వచ్చి గుమ్మం చూపించాడు.

లోపల ఒక ముసలి ఉస్తాదు కాంగ్‌డీ పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. కాంగ్‌డీ అంటే చుట్టూ సన్నని పుల్లలు అల్లిన మట్టి నిప్పుల కుండ. గోడలవెంట చెక్కలు, పుస్తకాల బీరువాలో పుస్తకాల్లా ఒత్తుగా నిలబెట్టి ఉన్నాయి. చివర్లకు మైనం పూసి ఉంది. ఒక్కొక్కదాని మీద సుద్దతో ఏదో అంకె, పక్కన మరో అంకె, ఇంకొకటి. అవి బరువులని ఆయన చెప్పాడు. నెలనెలా తూచి రాస్తారట. బరువు తగ్గుతున్నంతకాలం కర్రలో నీరున్నట్టు. తగ్గడం ఆగితే ఆరినట్టు. గాలికి ఆరవలసిన చెక్కకు మందం ఒక్కొక్క అంగుళానికీ సుమారు ఒక ఏడాది. రెండున్నర అంగుళాల చెక్కకు ఎంతకాలమో మీరే లెక్క వేసుకోండి. చివర్లకు మైనం లేకపోతే అక్కడ తొందరగా ఆరి, మధ్యలో తడి మిగిలి, చెక్క నోరు తెరుస్తుంది.

ఉప్పు టీ వచ్చింది. ఆ తరువాత ఉస్తాదు మూడు చెక్కలు దించి మా ముందు పరిచి, తడిబట్టతో తుడిచాడు. తుడవగానే లోపలి నార పైకి తేలింది.

మొదటిది చూసి నా భార్య “అబ్బా!” అన్నది. నెమలి మెడలా, పొగ సుడులు తిరిగినట్టు, ఆ కొసనుంచి ఈ కొసదాకా అలలే అలలు. రెండోది లేతరంగు, గీత గీసినట్టు తిన్నని నార, ఏ వేషమూ లేదు. మూడోదానిలో ముందు సగం తిన్నగా వచ్చి, వెనక మడమ దగ్గరకు వచ్చేసరికి నల్లటి చారలు రెండు విడిపోయి వంపు తిరిగాయి.

“ఏది తీసుకుంటారు ప్రొఫెసర్ సాబ్?” అన్నాడు ఉస్తాదు.

నేను మాట్లాడేలోగా నా భార్య మొదటిదాని మీద చేయి వేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. కర్రకు అందం ఎక్కడ ఉండవచ్చు, ఎక్కడ ఉండకూడదు అన్నదే ఈ వృత్తిలో సగం విద్య అట. మెడదగ్గర నార తిన్నగా, మెడ వంపు ఎటు వెళితే అటే వెళ్ళాలి. అక్కడ సుడి ఉందంటే నార మధ్యలో తెగినట్టే. పదో దెబ్బకో వందో దెబ్బకో అక్కడే విరుగుతుంది. గొట్టం కింద చేయి పట్టే భాగంలోనూ సుడి పనికిరాదు. వానాకాలం తేమకు అది మెలితిరిగితే గొట్టాన్ని పక్కకు నెడుతుంది, గురి తప్పుతుంది. మడమ ఒక్కటే స్వేచ్ఛ ఉన్న చోటు. అక్కడ చెట్టు తన ముచ్చట తీర్చుకోవచ్చు.

“మరి మొదటిదాన్ని ఏం చేస్తారు?” అన్నది నా భార్య.

“నగల పెట్టె,” అన్నాడు ఆయన.

అక్రోటే ఎందుకని అడిగాను. బరువు తక్కువ, బిగువు ఎక్కువ. దెబ్బను లోపలే మింగుతుంది. ఒకసారి ఆరాక మళ్ళీ కదలదు. సన్నని ఉలి గీత గీస్తే అంచు రాలదు. విలాయతులో ఫ్రెంచి అక్రోటనీ, ఇంగ్లీషు అక్రోటనీ, తురక అక్రోటనీ వేరువేరు ధరలు పలికేదంతా ఈ ఒక్క జాతే. నేల వేరు, నీరు వేరు. అమెరికావాళ్ళ నల్ల అక్రోటు మాత్రం వేరే జాతి.

తయారైన కుందా ఒకటి కొని పట్టుకుపోతే చాలదా అన్న నా ప్రశ్నకు ఆయన నవ్వాడు. ఒకే కంపెనీ తుపాకులు రెండున్నా ఒకదాని కర్ర మరొకదానికి సరిగ్గా కూర్చోదట. లోహానికి దీపపు మసి పూసి కర్రలో పెట్టి నొక్కి తీస్తారు. ఎక్కడ నలుపు అంటితే అక్కడ వెంట్రుకవాసి గీకుతారు. మళ్ళీ మసి, మళ్ళీ గీకుడు. లోహం అడుగున చిన్న పన్ను ఒకటుంటుంది. పేలినప్పుడు వెనక్కు తన్నే బలమంతా దానిమీదే పడుతుంది. అది కర్రకు నిండుగా ఆనకపోతే ఎంత మంచి కర్రయినా చీలుతుంది. కాబట్టి చెక్క ఇక్కడిది, చెక్కుడు మా హైదరాబాదు దుకాణానిది. ఆపైన అవిసెనూనె పలచగా పూసి, అరచేత్తో వేడెక్కేదాకా రుద్ది, ఆరనిచ్చి, మళ్ళీ పూయాలి.

మూడోదే మాకు నచ్చింది. ఉస్తాదు సుద్ద అంకెలు చూసి, “దీనికి ఇంకా ఒక ఏడాది కావాలి,” అన్నాడు. రెండోది పూర్తిగా ఆరినది. ఆ సాయంత్రమే పార్సిలు కట్టవచ్చు.

మామగారికి ఎనభయ్యేళ్ళు. ఆ ఏడే రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళి వచ్చారు. ఏడాది ఆగమని ఏ నోటితో చెప్పడం? రెండోదే కట్టించమనబోయాను. అంతలో ఉస్తాదు నా కాగితం తీసుకొని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

“మీ మామగారు పొట్టి మనిషా?”

“కాదండీ, ఆరడుగులవారు.”

“అయితే ఈ కొలత ఆయనది కాదు,” అన్నాడు. ట్రిగ్గరు నుంచి మడమ కొసదాకా ఉండే పొడవును చేయి పొడవునుబట్టి నిర్ణయిస్తారు. మడమను మోచేతి వంపులో ఆనిస్తే చూపుడువేలు ట్రిగ్గరుకు సుఖంగా అందాలి. పొడుగు మనిషికి పద్నాలుగు అంగుళాలు ఉండాలి. కాగితంమీద పదమూడు ఉన్నది. చెంప ఆనే చోటు కొలత కూడా చిన్న ముఖానిదే అన్నాడు.

నేను బయటికి వచ్చి ఫోను చేశాను. తడి ఆరలేదన్న సంగతి ముందు చెప్పాను.

“ఆరనీ నాయనా, తొందరేముంది?” అన్నారు మామగారు.

“అది కాదండీ, మీకు...”

“నాకెందుకు కర్ర? కాగితం చూసుకోలేదా? అది చిన్నమ్మాయి చేయి. పోయిన ఉగాదికి నేనే కొలిచినా. దానికి కావలసినంత టైముంది. మంచిదే చూడు.”

చిన్నమ్మాయి అంటే నా మరదలు. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, పదకొండెకరాలూ తనే చేయిస్తున్నది. మా బావమరది అమెరికా పౌరుడై పదేళ్ళయింది. మామగారి తరువాత తుపాకీని స్టేషనుకు అప్పగించెయ్యడమో, అమ్మెయ్యడమో అని మేమంతా ఎవరికి వారు అనుకొని ఊరుకున్నాము. అల్లుణ్ణి, నన్ను అడగలేదు సరే. ఇంటికి పెద్దకూతురు నా భార్యతోనైనా ఒక్క మాట అనలేదు. కాగితంమీద అంకె వేసి పంపారు.

నా భార్య విని చాలాసేపు కాలవ వైపు చూస్తూ నిలబడింది. “నన్ను కొలవలేదు నాన్న,” అన్నది. నేనేమీ అనలేదు. కాసేపటికి తనే, “కొలిస్తే మాత్రం! గుంటూరులో అపార్టుమెంటులో పెట్టుకొని నేనేం చేస్తాను? పొలంలో పడుకునేది అదీ,” అన్నది. మళ్ళీ లోపలికి వెళ్ళి మూడో చెక్కకు బేరమాడింది. ఆ బేరంలో కొంచెం కోపం కూడా ఉందనుకుంటాను. ఉస్తాదు మారు మాట్లాడకుండా తగ్గించాడు.

బయలుదేరేముందు ఉస్తాదును ఆయన పిల్లలగురించి అడిగాను. టీ అందించిన కుర్రవాడు మనుమడేనట, ఫార్మసీ చదువుతున్నాడు. “ఉలి పట్టమంటే పడతాడు. పట్టమనడానికి నాకే మనసొప్పడం లేదు,” అన్నాడు ముసలాయన. “చెక్కలు మాత్రం ఆరబెడుతూనే ఉన్నాను. అలవాటు.” మా చెక్కమీద సుద్దతో ఆనాటి బరువు రాసి గోడకు నిలబెట్టాడు.

ఆ ఏడాది మాకు కాగితాల ఏడాది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్భై ఏళ్ళు నిండితే బతికుండగానే వారసుల పేరుకు మార్పించుకునేందుకు అవకాశం ఉన్నది. వారసురాలు సురక్షితంగా వాడే శిక్షణ పొంది ధ్రువపత్రం తెచ్చుకోవాలి. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. బావమరది మొదట, “ఈ కాలంలో ఆడపిల్లకు తుపాకీ ఏమిటి, అమ్మెయ్యండి,” అన్నాడు. నా భార్య ఫోను తీసుకొని, “అడవిపందులు పడ్డ రాత్రి నువ్వు వచ్చి కాపలా కాస్తావా?” అని అడిగింది. అడవిపందినైనా అనుమతి లేకుండా కాల్చడానికి లేదన్న సంగతి మా మరదలికి అందరికన్న బాగా తెలుసు. అయినా ఒంటరి ఇంట్లో ఆ పెట్టె ఉన్నదన్న ధైర్యం వేరు. నెలలోపల సంతకం వచ్చింది. నా భార్య తన సంతకం ఆ ముందు రోజే పెట్టేసింది.

2024 నవంబరులో ఉస్తాదు మాట ప్రకారం చెక్క బిల్లుతో, రవాణా కాగితాలతో హైదరాబాదు చేరింది. దానిమీద పన్నెండు అంకెలున్నాయి. చివరి మూడూ ఒకటే.

2025 సంక్రాంతికి రైఫిలు ఇంటికి వచ్చింది. తూటాలు లేకుండా చేతికిచ్చారు. మామగారు అవిసెనూనె వాసన చూసి, మడమ మీది రెండు నల్ల చారలను బొటనవేలితో నిమిరి, అలవాటుకొద్దీ భుజానికెత్తారు. కర్ర పొట్టిదై బొటనవేలు ముక్కుకు తగిలింది. ఆయన నవ్వి కిందికి దించి, “ఇదిగో, పట్టు,” అని చిన్నకూతురి కిచ్చారు. ఆమె ఎత్తింది. చెంప దాని చోటుకు అదే వెళ్ళింది.

లైసెన్సు పేరు మారేదాకా తుపాకీ ఆయనదే, పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకే. పాత కర్రను మాత్రం పొయ్యిలోకి పోనివ్వలేదు. నూనె పట్టి నల్లబడిన ఆ ముక్కలు రెండూ దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించి ఉన్నాయి. పండక్కి వచ్చిన పిల్లలు అదేమిటని అడిగితే, “మా నాయన కొలత,” అంటున్నారు.